వేరులో ఇద్దరు దొంగలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి గదా, నీళ్ల గురించి ఒక అరగంట మాట్లాడు" అన్నారు. ముప్పై ఏళ్లుగా నా ఉద్యోగం మోటార్లు, పైపులు, డ్రిప్పుతోనే. అందుకని నీళ్ల గురించే మాట్లాడతాను. బోరు నుంచి చెట్టు మొదలు దాకా వచ్చే నీళ్ల సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. చెట్టు మొదలు నుంచి చివరి ఆకు దాకా పోయే ఆఖరి మూడడుగుల సంగతి నేను చెప్తాను. మన మదనపల్లె చుట్టుపక్కల టమోటా రైతు చాలాసార్లు నష్టపోయేది ఆ మూడడుగుల్లోనే. ఈ హాల్లో ఉన్నవాళ్లలో సగం మంది ఇళ్లు టమోటా మీద నడిచినవే. మన ఫీజులు, మన పుస్తకాలు, మన అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లు ఆ బాక్సుల్లోంచి వచ్చినవే. కాబట్టి ఇది మనకు పరాయి విషయం కాదు.

నా ఉద్యోగంలో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఒకటుంది. "ఏమప్పా ఇంజనీరూ, పైపులో నీళ్లు వస్తాండాయి గానీ చెట్టు తాగడం లేదే" అంటారు. వెళ్లి చూస్తే తోటలో అక్కడక్కడ గుంపులు గుంపులుగా చెట్లు వాడి ఉంటాయి. మధ్యాహ్నం తల వేలాడేసి, సాయంత్రానికి కాస్త తేరుకుంటాయి. డ్రిప్పర్ కింద గిన్నె పెట్టి కొలుస్తాను. గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పర్ నాలుగు లీటర్లు ఇస్తూనే ఉంటుంది. ప్రెషర్ సరిగ్గానే ఉంటుంది, ఫిల్టర్ శుభ్రంగానే ఉంటుంది. అప్పుడు పార తెప్పించి, వాడిన చెట్టును మట్టితో సహా పైకి తీసి, బకెట్ నీళ్లలో వేరు కడిగి చూస్తాం. వేరు నిండా పూసల దండలాగా కంతులు! కాండాన్ని మొదలు దగ్గర నిలువునా చీలిస్తే, తెల్లగా ఉండాల్సిన చోట గోధుమరంగు చార. ఒకే చెట్టులో ఇద్దరు దొంగలు. వాళ్లిద్దరి గురించీ, వాళ్ల స్నేహం గురించీ చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మొదటి దొంగ నులిపురుగు. ఏటా మన బడుల్లో పిల్లలకు నులిపురుగుల మాత్ర వేస్తాం కదా, ఇది కూడా ఆ వంశానిదే. కాకపోతే దీని కాపురం మట్టిలో, తిండి వేరులో. శాస్త్రవేత్తలు మెలాయిడోగైన్ అంటారు, మన వ్యవసాయ అధికారులు వేరుముడి నులిపురుగు అంటారు. గుడ్డు లోంచి వచ్చిన పిల్ల పొడవు అర మిల్లీమీటరు కన్నా తక్కువ, కంటికి ఆనదు. అది వేరు కొన దగ్గర లోపలికి దూరి, నీటి గొట్టాల పక్కన ఒకచోట స్థిరపడుతుంది. చుట్టూ ఉన్న కణాల మీద తన లాలాజలం ప్రయోగించి వాటిని మామూలు కన్నా ఎన్నో రెట్లు పెద్దవిగా ఉబ్బిస్తుంది. ఆ రాక్షస కణాలే దాని వంటిల్లు. ఇక జీవితాంతం కదలదు. చెట్టు తయారుచేసుకున్న చక్కెరలు, మాంసకృత్తులు కాయకు పోకుండా ఈ వంటింటికి మళ్లుతాయి.

ఆడ పురుగు కొన్ని వందల గుడ్లు పెడుతుంది. మన టమోటాను పట్టే ముఖ్యమైన జాతులకు మగదాని అవసరం కూడా లేదు. నేల వెచ్చగా ఉంటే గుడ్డు నుంచి గుడ్డుకు సుమారు నెల రోజులు. టమోటా పంట నాలుగైదు నెలలు ఉంటుంది కాబట్టి నాలుగు తరాలు సులువుగా నడుస్తాయి. ఒక్కో తల్లి పిల్లల్లో పదే బతికాయనుకోండి, నాలుగు తరాలకు ఒకటి పదివేలు అవుతుంది. చక్రవడ్డీ లెక్క మన లెక్కల సారు బోర్డు మీద వేసి చూపించింది ఇదే.

ఇది కొత్తగా వచ్చిపడిన జబ్బు కాదు. 1855లో ఇంగ్లండులో బర్క్లీ అనే ఆయన గాజు ఇళ్లలో పెంచే దోస వేర్ల మీద ఈ కంతులు చూసి రాశారు. దక్షిణ భారతంలో 1901లో బార్బర్ అనే ఆయన తేయాకు వేర్ల మీద చూశారు. ఇంకో జాతి నులిపురుగు వేరుశనగకు, అదే మన చెనిక్కాయకు తెచ్చే జబ్బుకు శ్రీకాళహస్తి పేరే పెట్టారు. ప్రపంచమంతా పుస్తకాల్లో దాన్ని 'కాళహస్తి మాలడీ' అనే రాస్తారు. 1975-76 ప్రాంతంలో అప్పటి మన జిల్లా చేలల్లో బయటపడింది కాబట్టి ఆ పేరు. మనకు దక్కకూడని కీర్తి అది. దేశం మొత్తం మీద నులిపురుగుల వల్ల ఏటా సుమారు 21 శాతం పంట, విలువలో పదివేల కోట్ల రూపాయలకు పైగా పోతోందని 2020లో అఖిల భారత పరిశోధన పథకం శాస్త్రవేత్తలు అంచనా కట్టారు.

రెండో దొంగ బూజు జాతిది. పేరు ఫ్యుజేరియం. దానివల్ల వచ్చేదాన్ని ఎండు తెగులు అంటాం. టమోటాలో ఈ జబ్బును 1895లో ఇంగ్లండులో మాసీ అనే శాస్త్రవేత్త వర్ణించారు. ఇది వేరులోంచి ఎక్కి నీటి గొట్టాల్లో కాపురం పెడుతుంది. దాని బీజాలు చెట్టు పీల్చే నీళ్లతో పాటే పడవ ఎక్కినట్టు పైకి పోతాయి. చెట్టు ఊరుకోదు. శత్రువును ఆపడానికి తన గొట్టాల్లో తానే జిగురు నింపి అడ్డుకట్టలు వేసుకుంటుంది. ఆ అడ్డుకట్టలు బూజుతో పాటు నీళ్లను కూడా ఆపుతాయి. కింది ఆకులు, చాలాసార్లు ఒక పక్కవే, పసుపు పచ్చగా మారి చెట్టు ఎండుతుంది. నేల ఉష్ణోగ్రత 28 డిగ్రీల దగ్గర ఉంటే దీనికి పండగ. పంట లేకపోయినా గట్టి పెంకు బీజాల రూపంలో మట్టిలో ఏళ్ల తరబడి కాచుకుని ఉంటుంది.

గొట్టంలో అడ్డు పడితే ఏమవుతుందో ఇంజనీరుగా ఒక లెక్క చెప్పాలి. సన్నటి గొట్టంలో ప్రవాహం దాని వ్యాసార్థం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది. అంటే గొట్టం సగం సన్నబడితే నీళ్లు సగానికి తగ్గవు, పదహారో వంతుకు పడిపోతాయి. అందుకే నిన్న పచ్చగా ఉన్న చెట్టు మూడు రోజుల్లో తల వేలాడేస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ఇద్దరూ కలిస్తే ఏమవుతుంది?

మొదట నా బుర్రకు తట్టే పోలిక మోటారు. నులిపురుగు ఫుట్‌వాల్వును పాడు చేస్తుంది, బూజు డెలివరీ పైపును మూసేస్తుంది, రెండు నష్టాలూ కూడుకుంటాయి. కానీ తోటలో జరిగేది ఈ కూడిక కన్నా ఘోరం. ఈ సంగతి 1892లోనే అమెరికాలోని అలబామాలో అట్కిన్సన్ అనే శాస్త్రవేత్త గమనించారు. వేరుముడి పురుగులున్న చేలో పత్తికి ఎండు తెగులు మరీ ఎక్కువగా వస్తోందని ఆయన రాశారు. ఆ తర్వాత టమోటా, పొగాకు, ఇంకా ఎన్నో పంటల మీద ప్రయోగాలు జరిగాయి.

ఆ ప్రయోగం పద్ధతి చాలా సులువు, మన పదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. నాలుగు రకాల కుండీలు పెడతారు. ఒకదాంట్లో ఏ జబ్బూ లేదు. ఒకదాంట్లో నులిపురుగు మాత్రమే. ఇంకోదాంట్లో బూజు మాత్రమే. నాలుగోదాంట్లో రెండూ. మొక్కల ఎత్తు, వేరు బరువు, కాయ బరువు తూస్తారు. అర్థం కావడానికి నేను కొన్ని అంకెలు అనుకుంటాను. పురుగు వల్ల 15 పాళ్లు నష్టం, బూజు వల్ల 20 పాళ్లు నష్టం అయితే, నాలుగో కుండీలో 35 రావాలి. 35 వస్తే ఎవరి దొంగతనం వారిది. అంతకన్నా బాగా ఎక్కువ వస్తే ఇద్దరూ ఒప్పందంలో ఉన్నట్టు. టమోటాలో, వంకాయలో ఇలాంటి ప్రయోగాలు చాలావాటిలో తేలింది ఆ ఒప్పందమే.

ఎందుకిలా? పురుగు గుచ్చిన గాయాల్లోంచి బూజు దూరుతుందని మొదట్లో అనుకున్నారు. అది కొంతవరకే నిజం. గాయమే కారణమైతే పురుగునూ బూజునూ ఒకే రోజు వదిలినా, ముందూ వెనుకా వదిలినా తేడా ఉండకూడదు. నార్త్ కరోలినాలో 1960లలో పొగాకు మీద చేసిన పనిలో, నులిపురుగులు వేరులో చేరి మూడు నాలుగు వారాలు గడిచాక బూజు వదిలితే తెగులు ఎక్కువ ఉధృతంగా వచ్చింది. మూడు నాలుగు వారాలంటే రాక్షస కణాలు నిండుగా తయారయ్యే సమయం. చక్కెరలు, అమైనో ఆమ్లాలు నిండిన ఆ కణాలు బూజుకు సిద్ధంగా వడ్డించిన విస్తరి. వేరు నుంచి మట్టిలోకి కారే రసాలు కూడా మారిపోయి బూజును పిలుస్తాయి.

ఇంకో ప్రయోగం నన్ను బాగా ఆలోచింపజేసింది. ఒకే టమోటా మొక్క వేరును రెండు పాయలుగా విడదీసి రెండు కుండీల్లో నాటారు. ఒక కుండీలో పురుగు, రెండో కుండీలో బూజు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అయినా బూజు తేలిగ్గా గెలిచింది. అంటే పురుగు చేసే చెడు వేరులో ఒక మూలకే పరిమితం కాదు, చెట్టు మొత్తం నిబ్బరాన్నే తగ్గిస్తోంది. ఎండు తెగులును తట్టుకుంటుందని పేరున్న టమోటా రకాల్లో కొన్ని, పురుగు ఉన్న మట్టిలో వాడిపోయాయని 1957లోనే అమెరికాలో ప్రచురించారు. అన్ని రకాలూ అలా లొంగలేదు, కొన్ని గట్టిగానే నిలబడ్డాయి. కానీ విత్తనం ప్యాకెట్ మీద రాసిన మాటకు మట్టి కూడా ఒప్పుకోవాలన్నది మనం గుర్తుంచుకోవాలి.

ఇది తెలియకపోతే ఏమవుతుందో మీరందరూ చూస్తున్నదే. చెట్టు వాడగానే రైతు ముందు నీళ్లు పెంచుతాడు. నేల తడిసి ముద్దయి వేరుకు గాలి అందదు. తర్వాత మందుల అంగడికి పోతాడు. అక్కడ బూజు మందు ఇస్తారు, మొదళ్లలో పోస్తాడు. పురుగుకు అది తగలదు. వారం తర్వాత ఇంకో మందు, ఇంకో బిల్లు. కట్టెలు నాటి, వైరు కట్టి, మల్చింగ్ షీటు పరిచి, లక్షల్లో పెట్టుబడి పెట్టిన తోట మొదటి కోతకే కూలుతుంది. మరుసటి ఏడు, టమోటా అచ్చిరాలేదని అదే మడిలో బెండ వేస్తాడు. టమోటాను పట్టే ఫ్యుజేరియం బెండను పట్టదు, అది నిజమే. కానీ నులిపురుగుకు బెండ అంటే ప్రాణం. ఒక దొంగకు పస్తు, ఇంకో దొంగకు విందు. మూడో ఏడు మళ్లీ టమోటా వేసేసరికి పురుగు వెయ్యింతలై ఉంటుంది, బూజు పెంకు బీజాలు ఇంకా బతికే ఉంటాయి.

అందుకని నేను చెప్పే మొదటి మాట, ఆకు చూసి మందు కొనవద్దు. వేరు చూసి నిర్ణయించండి. దానికి కావలసినవి ఒక పార, ఒక బకెట్ నీళ్లు, ఒక చాకు, ఒక గాజు గ్లాసు.

వాడిన చెట్టును పీకితే సన్న వేర్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి, అందుకని పారతో తవ్వి తీయండి. వేరు కడిగి చూడండి. కంతులుంటే అవి వేరే ఉబ్బినట్టు ఉంటాయి, గోటితో రాల్చినా రాలవు. చెనిక్కాయ, అలసంద వేర్ల మీద ఉండే మంచి బుడిపెలు వేరు పక్కన అతికించినట్టు ఉండి తేలిగ్గా ఊడివస్తాయి, లోపల గులాబీ రంగులో ఉంటాయి. అవి నత్రజని ఇచ్చే బాక్టీరియా ఇళ్లు. రెంటినీ కలపకండి. తర్వాత కాండం చీల్చి చూడండి. గోధుమ చార ఉంటే ఎండు తెగులును అనుమానించాలి. అయితే బాక్టీరియా వాడు తెగులులో కూడా చార వస్తుంది. తేడా తెలియడానికి కాండం ముక్కను గ్లాసులో తేట నీళ్లలో వేలాడదీయండి. కాసేపట్లో పాల దారంలాంటిది కిందికి జారితే అది బాక్టీరియా. అప్పుడు బూజు మందుకు పెట్టే డబ్బు దండగే. ఇదంతా చూశాక ఆ వేరును, గుప్పెడు మట్టిని తడి ఆరకుండా సంచిలో వేసి కలికిరి కృషి విజ్ఞాన కేంద్రానికో, తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానానికో తీసుకుపోతే వాళ్లు నిర్ధారిస్తారు.

ఇక చేయవలసిన పనులు. ఈ పురుగు తనంతట తాను ఏడాదికి మీటరు దూరం కూడా పోలేదు. మనమే మోస్తున్నాం, నారుతో, ట్రాక్టరు నాగలికి అంటిన మట్టితో, కాలువ నీళ్లతో. కాబట్టి మొదటి కాపలా నర్సరీ దగ్గరే పెట్టాలి. నేల మీద పోసిన నారుమడి కన్నా శుభ్రమైన కొబ్బరి పొట్టుతో ట్రేలలో పెంచిన నారు మేలు. నారు దించుకునేటప్పుడు ఓ పది మొక్కల వేర్లు కడిగి చూడండి. లేత కంతులు కనపడకపోవచ్చు, కానీ కనపడితే మాత్రం ఆ నారు తిప్పి పంపేయండి.

రెండోది ఎండ. మన దగ్గర ఏప్రిల్, మే ఎండకు కొదవ లేదు, కరెంటు బిల్లు కూడా లేదు. మడిని దున్ని, తడిపి, పారదర్శకమైన పల్చటి పాలిథీన్ షీటు పరిచి, అంచులు మట్టితో కప్పి, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే పై పొర మట్టి వేడెక్కి పురుగునూ బూజునూ కూడా తగ్గిస్తుంది. 1976లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని లోకానికి చూపించారు. మనవాళ్లు నల్ల మల్చింగ్ షీటు వేసి ఇదే అనుకుంటారు. నలుపు కలుపును ఆపుతుంది, ఎండను మట్టిలోకి దింపేది పారదర్శకపు షీటు.

మూడోది వేపపిండి, ట్రైకోడెర్మా. తొంభై కిలోల మాగిన పశువుల ఎరువు, పది కిలోల వేపపిండి, రెండు కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో తడి ఆరకుండా పది పదిహేను రోజులు మాగబెట్టి ఎకరాకు వేయమని మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఎప్పటి నుంచో చెప్తోంది. ట్రైకోడెర్మా కూడా బూజే, కానీ మన పక్షం. అది వేసిన వెంటనే రసాయన బూజు మందు పోస్తే మన సైన్యాన్ని మనమే చంపుకున్నట్టు.

నాలుగోది బంతి. బంతి వేర్లలోని రసాయనం నులిపురుగును అణుస్తుంది. గట్టు మీద ఒక సాలు వేస్తే సరిపోదు. బంతి వేరు ఉన్నచోటే ఆ పని జరుగుతుంది, అందుకని మడి అంతా రెండు మూడు నెలలు ఒక పంటగా వేయాలి. మన దగ్గర బంతికి బజారు కూడా ఉంది.

ఐదోది రకాలు. పురుగును తట్టుకునే ఎంఐ అనే జన్యువు టమోటాకు దక్షిణ అమెరికా అడవి జాతి నుంచి వచ్చింది. అది ఉన్న హైబ్రిడ్లు దొరుకుతాయి. కానీ మట్టి వేడి 28 డిగ్రీలు దాటితే ఆ జన్యువు బలం తగ్గుతుంది, వేసవి తోటకు దాని మీదే భరోసా పెట్టకండి. మన చేల గట్ల మీద పెరిగే ఉస్తికాయ చెట్టు మొదలు మీద వంగ అంటు కట్టిన మొక్కలు కూడా వాడుకలోకి వచ్చాయి. ఉస్తి వేరుకు నులిపురుగును తట్టుకునే శక్తి ఉంది.

ఆరోది అన్నిటికన్నా చౌక, అందుకే ఎవరూ చేయరు. ధర పడిపోగానే కోత కూలి కూడా రాదని తోటను అలాగే వదిలేస్తాం. రైతు బాధ నాకు తెలుసు, ఆ తోట వైపు చూడబుద్ధి కాదు. కానీ చెట్టు పచ్చగా ఉన్నన్నాళ్లూ అడుగున పురుగు గుడ్లు పెడుతూనే ఉంటుంది. కాయ అమ్ముడుపోకపోయినా వేరు మాత్రం తవ్వి తీసి, ఎండబెట్టి, కాల్చేయాలి. వచ్చే ఏటి పెట్టుబడిని కాపాడే పని అది.

ఇవన్నీ విడివిడిగా చేస్తే ఫలితం కొంచెం కొంచెమే కనిపిస్తుంది. ఆరింటిలో మూడు నాలుగు కలిపి చేయండి. దొంగలకు స్నేహం కలిసొచ్చినప్పుడు కాపలాదారులకు ఎందుకు కలిసిరాదు?

చివరగా సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవానికి గుర్తుగా ఆర్చి కట్టాలని, బెంచీలు ఇవ్వాలని అనుకుంటున్నాం, కట్టుకుందాం, ఇద్దాం. వాటితో పాటు మన బడి సైన్సు గదికి రెండు మంచి మైక్రోస్కోపులు, పది భూతద్దాలు, ఒక నీళ్ల తొట్టి ఇద్దాం. ఏటా నాట్లకు ముందు రెండు శనివారాలు చుట్టుపక్కల రైతులు తమ నారు, తమ వేర్లు తెచ్చి ఈ గదిలో చూపించుకోవచ్చని దండోరా వేయిద్దాం. కడిగేది, కంతులు లెక్కపెట్టేది, రిజిస్టరులో ఊరు, పంట, మడి రాసేది తొమ్మిదో తరగతి పిల్లలు. పక్కన ఉండి సరిదిద్దేది మన సైన్సు ఉపాధ్యాయులు, అనుమానం ఉన్నవి కలికిరికి పంపేది మన సంఘం. నాలుగు కుండీల ప్రయోగాన్ని కూడా బడి ఆవరణలో పెట్టించవచ్చు. దాని కోసం జబ్బు మట్టిని బడి తోటలోకి మాత్రం తేవద్దు, సిమెంటు గచ్చు మీద కుండీల్లోనే ఉంచి, అయ్యాక ఆ మట్టిని కాల్చేయాలి.

ఐదేళ్లు ఆ రిజిస్టరు నడిస్తే మన మండలంలో ఏ ఊరి ఏ మడిలో ఏ దొంగ ఉన్నాడో మన పిల్లల చేతిరాతలో ఉంటుంది. ఏ పెద్ద సంస్థ దగ్గరా ఇవాళ ఆ లెక్క అంత దగ్గరగా లేదు. మైక్రోస్కోపుల ఖర్చు మా బ్యాచ్ భరిస్తుందని నా తోటివాళ్లను అడిగే ఈ మాట ఇస్తున్నాను. శనివారాలు వచ్చి నిలబడే మనుషులు కావాలి. సభ అయిపోయాక భోజనాల పందిరి దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టి ఉంటుంది. ఇష్టమున్నవాళ్లు పేరు రాయండి.